ముల్లు పడిపోతే.. సెన్సర్ మార్చే ముందు
ఇంటి ముంగిట్లోనే కారు స్పీడు సెన్సర్‌ను పరీక్షించుకునే పద్ధతి

కారు ఎంత వేగంతో పోతోందో ఇంజిన్ కంప్యూటర్‌కు, డ్యాష్‌బోర్డు మీద మీటరుకు ఒకేసారి చెప్పే పరికరం స్పీడు సెన్సర్. చాలా బళ్ళలో ఇది గేరుబాక్సు మీద ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. పైన రెండు లేదా మూడు వైర్ల కప్లర్, కింద గేరుబాక్సు లోపలికి దిగిన చిన్న పళ్ళచక్రం లేదా అయస్కాంతపు మొన ఉంటాయి. చక్రాలు తిరిగే కొద్దీ ఇది విద్యుత్తు స్పందనలు పంపుతుంది. వాటిని లెక్కబెట్టి కంప్యూటర్ వేగం కడుతుంది. కిలోమీటర్ల లెక్క కూడా వాటినుంచే వస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనం ఎంతసేపు ఆపాలి, బండి ఆగబోతున్నప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా ఐడ్లింగ్ ఎంత ఉంచాలి, కరెంటు పవర్ స్టీరింగు ఎంత తేలిగ్గా తిరగాలి, ఆటోమేటిక్ బండి ఏ గేరులో ఉండాలి అన్నవన్నీ ఈ వేగపు లెక్క మీద ఆధారపడ్డవే. గంటకు 80 కిలోమీటర్లు దాటితే మోగే హెచ్చరిక కూడా అంతే. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేశారు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ సెన్సర్‌కు మరో ప్రాముఖ్యం ఉంది. తిరుమల ఘాట్ రోడ్లలో వేగాన్ని టీటీడీ టైముతో కొలుస్తుంది. టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే అవతలి గేటుకు చేరితే వేగంగా నడిపినట్టే లెక్క. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నది, సుమారు 19 కిలోమీటర్లు. 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి, సుమారు 18 కిలోమీటర్లు. లెక్క కడితే ఎక్కేటప్పుడు సగటున గంటకు 38, దిగేటప్పుడు 28 కిలోమీటర్లు మించకూడదు. మొదటి ఘాట్‌లోని 36 హెయిర్‌పిన్ మలుపుల్లో ముల్లు చూసుకోకుండా ఇంత తక్కువ వేగాన్ని అందాజుగా పాటించడం అలవాటున్న డ్రైవర్‌కు కూడా కష్టం. పైగా వేగం తెలియక పవర్ స్టీరింగు మొరాయించిందంటే మలుపు మలుపుకూ చేతులు నొప్పి పెడతాయి. ఎప్పుడో చూసుకుందాంలే అని ఈ ప్రాంతంలో వాయిదా వేయదగిన జబ్బు కాదిది.

కేబుల్ నుంచి సెన్సర్ దాకా

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 కార్లలో సెన్సర్ ఉండేది కాదు. గేరుబాక్సు నుంచి మీటరు దాకా ఒక ఉక్కు కేబుల్ తిరుగుతూ వచ్చేది. దాని చివర అయస్కాంతం, దాని చుట్టూ లోహపు గిన్నె, గిన్నెకు ముల్లు. బెర్లిన్‌లో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇదే. దశాబ్దాల తరబడి బళ్ళ మీటర్లు దాని మీదే నడిచాయి. కేబుల్ తెగితే ముల్లు పడిపోయేది. అంతకు మించి బండికి ఏ లోటూ ఉండేది కాదు.

ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి పోసే ఇంజిన్లు వచ్చాక వేగం సంగతి ఇంజిన్‌కు కూడా తెలియాల్సి వచ్చింది. సెన్సర్ల రకాలు అప్పటినుంచి మొదలయ్యాయి. మీటరు లోపలే కేబుల్ చివర చిన్న స్విచ్చు పెట్టి, అయస్కాంతం దాటినప్పుడల్లా అది మూసుకుని తెరుచుకునేలా చేయడం ఒక పద్ధతి. గేరుబాక్సు మీద తీగచుట్ట, అయస్కాంతం పెట్టి, పక్కనుంచి ఇనుప పళ్ళు పోతున్నప్పుడు పుట్టే ఆల్టర్నేటింగ్ కరెంటును వాడుకోవడం రెండోది. దీనికి రెండు వైర్లు చాలు, బయటినుంచి కరెంటు అక్కర్లేదు. మూడోది హాల్ రకం. ఇందులో చిన్న చిప్పు ఉంటుంది. దానికి కరెంటు, ఎర్తు, సిగ్నల్ అని మూడు వైర్లు ఉంటాయి. అది పంపేది ఉంటే పూర్తిగా ఉండే, లేకుంటే పూర్తిగా పోయే నిక్కచ్చి స్పందన. గేరుబాక్సు మీద సెన్సర్ ఉన్న బళ్ళలో ఎక్కువగా కనిపించేది ఈ మూడు వైర్ల రకమే. ఇంట్లో పరీక్షించడానికి అన్నిటికంటే అనువైనది కూడా అదే.

కొత్త కార్ల సంగతి వేరు. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కావడంతో నాలుగు చక్రాలకూ నాలుగు సెన్సర్లు వచ్చేశాయి. అందుకని చాలా మోడళ్ళలో గేరుబాక్సు మీద విడిగా స్పీడు సెన్సర్ పెట్టడమే మానేశారు. ఏబీఎస్ యూనిట్ చక్రాల వేగం చూసి, బండి వేగం కట్టి, లోపలి సమాచార తీగల మీదుగా మీటరుకు, ఇంజిన్‌కు పంపుతుంది. కాబట్టి బోనెట్ ఎత్తే ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి ఆ బండికి ఏ ఏర్పాటు ఉందన్నది. ఓనర్ మాన్యువల్‌లో ఇది ఉండకపోవచ్చు. ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో తప్పకుండా ఉంటుంది.

జబ్బు పడ్డ గుర్తులు

సెన్సర్ సిగ్నల్ పూర్తిగా పోతే ముల్లు సున్నా మీద పడి ఉంటుంది, కిలోమీటర్లు తిరగవు. సిగ్నల్ వచ్చి పోతూ ఉంటే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. కొన్ని బళ్ళు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగబోయేటప్పుడు ఇంజిన్ ఆఫ్ అయిపోతాయి. ఏఎంటీ, ఆటోమేటిక్ బళ్ళు గేరు మార్చడానికి తడబడతాయి. పవర్ స్టీరింగు లైటు, ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు ఒకటో రెండో వెలుగుతాయి. డోర్లు వాటంతట అవే లాక్ కావడం ఆగిపోతుంది. క్రూజ్ కంట్రోల్ పట్టుకోదు. ఇవన్నీ ఒకేసారి కనిపించాలని లేదు. వీటిలో ఏ ఒక్క గుర్తుకైనా స్పీడు సెన్సర్ ఒక్కటే కారణం అనుకోవడానికీ లేదు.

స్కానర్ పెడితే వచ్చే కోడ్‌లలో తరచుగా కనిపించేది పి0500. వేగపు సిగ్నల్ సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. పి0501 అయితే సిగ్నల్ వస్తోంది గానీ నమ్మదగినట్టు లేదని, పి0502 అయితే మరీ తక్కువగా ఉందని, పి0503 అయితే ఆగి ఆగి వస్తోందని లేదా అస్తవ్యస్తంగా ఉందని. ఈ నాలుగు కోడ్‌లలో ఏదీ సెన్సర్ చెడిపోయిందని చెప్పదు. సర్క్యూట్ అంటే సెన్సర్, వైరు, కప్లర్, ఫ్యూజు, ఎర్తు, కంప్యూటర్ అన్నీ కలిపి. కోడ్ చూసిన వెంటనే కొత్త సెన్సర్ తెప్పించి బిగించడం, అయినా ముల్లు లేవకపోవడం, తర్వాత మీటరు మార్చాలనడం మామూలుగా జరిగే తంతు. ఖర్చు మీద ఖర్చు అలాగే పెరుగుతుంది. అరగంట ఓపిక, కొన్ని వందల రూపాయల మల్టీమీటరు ఉంటే తప్పు ఏ ముక్కలో ఉందో బండి యజమానికే తెలిసిపోతుంది.

మన దేశంలో కార్లకు లోపాలను తామే పసిగట్టి చెప్పే ఏర్పాటు 2010 ఏప్రిల్‌లో మొదటి దశగా, 2013 ఏప్రిల్‌లో రెండో దశగా వచ్చింది. ఆ తర్వాతి బళ్ళలో స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే ఈఎల్ఎం327 రకం చిన్న స్కానర్ దానికి సరిపోతుంది. దాంతో కోడ్ చదవడం కంటే ముఖ్యమైన పని ఒకటుంది. ఇంజిన్ కంప్యూటర్‌కు ఈ క్షణాన ఏ వేగం అందుతోందో ఫోను తెర మీద చూడవచ్చు.

బండి నడుస్తుండగా పక్కన కూర్చున్నవాళ్ళు ఆ అంకెను, మీటరు ముల్లును, ఫోనులోని జీపీఎస్ వేగాన్ని కలిపి చూస్తే సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది. స్కానర్‌లో వేగం సరిగ్గా ఉండి ముల్లు మాత్రం పడి ఉంటే సెన్సర్ బాగున్నట్టే. తప్పు మీటరులోనో, మీటరుకు పోయే వైరులోనో ఉంది. ముల్లు లేచి స్కానర్‌లో సున్నా ఉంటే కంప్యూటర్ వైపు పోయే వైరును చూడాలి. రెండు చోట్లా సున్నా అయితేనే సెన్సర్, దాని కరెంటు, దాని పళ్ళచక్రం మీద అనుమానం పెట్టుకోవాలి. ఘాట్ మలుపుల్లో జీపీఎస్ వెనకబడి వేగం తక్కువ చూపిస్తుంది కాబట్టి ఈ పోలికకు పూతలపట్టు–తిరుపతి రహదారి లాంటి తిన్నని రోడ్డే మేలు. డ్రైవర్ మాత్రం ఫోను చూడకూడదు.

స్కానర్ లేకపోయినా రహదారి పక్కన కిలోమీటరు రాళ్ళు ఉన్నాయి. ముల్లు 60 మీద నిలిపి నడిపితే ఒక రాయి నుంచి మరో రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. నాలుగైదు సెకన్లు ఎక్కువ పట్టడం సహజమే. అసలు వేగం కంటే మీటరు తక్కువ చూపించకూడదని, కొంత ఎక్కువ చూపించవచ్చని ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. అసలు వేగం 60 అయితే మీటరు 70 దాకా చూపించినా ఆ నిబంధన ప్రకారం తప్పు కాదు. రాయికీ రాయికీ మధ్య 60 సెకన్ల కంటే తక్కువ పడుతుంటే మాత్రం మీటరు అబద్ధం చెబుతోందని అర్థం. కంపెనీ ఇచ్చిన సైజు కంటే పెద్ద టైర్లు వేసిన బళ్ళలో జరిగేది ఇదే. దానికి సెన్సర్‌ను నిందించి లాభం లేదు.

చెయ్యి పెట్టే ముందు

మొదట బ్యాటరీని కొలవాలి. బండి ఆపి కొంతసేపు గడిచాక 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అమరరాజా బ్యాటరీలు పుట్టిన కరకంబాడి పక్కనే ఉన్న తిరుపతిలో కూడా మూడేళ్ళ పాత బ్యాటరీతో నెట్టుకొచ్చే బళ్ళకు కొదవ లేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే కంప్యూటర్లు లేనిపోని కోడ్‌లన్నీ చూపిస్తాయి. ఆ తర్వాత ఫ్యూజులు. మీటరు పేరుతో ఉన్న ఫ్యూజే చాలా బళ్ళలో స్పీడు సెన్సర్‌కు కూడా కరెంటు ఇస్తుంది. పెట్రోలు ముల్లు, వేడి ముల్లు కూడా పడిపోయి ఉంటే ముందు ఫ్యూజు తీసి చూడాలి.

చక్రం తిప్పే పరీక్షకు బండిని జాకీ మీద లేపాలి. ఇందులో అజాగ్రత్త పనికిరాదు. నేల సమంగా, గట్టిగా ఉండాలి. ముందు చక్రాలు లాగే బండి అయితే హ్యాండ్ బ్రేకు వేసి, వెనక రెండు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒక్కదాన్నే లేపాలి. లేపాక కింద స్టాండు పెట్టి బండి బరువు దాని మీదికి దించాలి. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడానికే తప్ప, దాని మీద నిలబడ్డ బండి కిందికి చెయ్యి పెట్టడానికి కాదు. ఇంజిన్ నడిపి, గేరు వేసి చక్రం తిప్పి చూసే పద్ధతిని ఇంటి దగ్గర అసలు తలపెట్టకూడదు. ఈ పరీక్షకు చేత్తో తిప్పడం చాలు. ఇంజిన్ చల్లబడ్డాకే మొదలుపెట్టాలి.

మూడు వైర్ల కథ

హాల్ రకం సెన్సర్‌ను పరీక్షించే వరస ఎప్పుడూ ఒక్కటే. ముందు కరెంటు, తర్వాత ఎర్తు, ఆ తర్వాత సిగ్నల్. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టాలి. ఇగ్నిషన్ ఆపి సెన్సర్ కప్లర్ విప్పి, మళ్ళీ ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేయాలి. నల్ల ప్రోబును బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి, ఎర్ర ప్రోబుతో వైరింగ్ వైపు కప్లర్‌లోని మూడు పిన్నులనూ ఒక్కొక్కటిగా తాకాలి. ఒకదాని మీద బ్యాటరీ వోల్టేజి రావాలి. కొన్ని మోడళ్ళలో అక్కడ 5 లేదా 8 వోల్టులే వస్తాయి. అదే కరెంటు వైరు. అది రాకపోతే సెన్సర్ ఎంత కొత్తదైనా పనిచేయదు, ఫ్యూజు నుంచి అక్కడి దాకా వైరును వెతకాలి.

ఇప్పుడు ఎర్ర ప్రోబును బ్యాటరీ పాజిటివ్ మీదికి మార్చి, నల్లదాన్ని ఎర్తు పిన్నుకు తాకించాలి. పూర్తి బ్యాటరీ వోల్టేజి కనబడితే ఎర్తు ఉన్నట్టు. అర వోల్టో ఒక వోల్టో తగ్గితే ఎర్తు బోల్టు దగ్గర తుప్పు ఉందని అనుమానించాలి. మిగిలిన మూడో పిన్ను సిగ్నల్‌ది. కప్లర్ విప్పి ఉండగా చాలా బళ్ళలో దాని మీద 5 లేదా 12 వోల్టులు కనిపిస్తాయి. ఇది సెన్సర్ పంపేది కాదు, మీటరో కంప్యూటరో పెట్టి ఉంచిన వోల్టేజి. సెన్సర్ చేసే పనల్లా దాన్ని క్షణక్షణం ఎర్తుకు లాగి వదలడం. ఆ వోల్టేజి అక్కడ లేకపోతే వైరు మధ్యలో తెగిందో, ఎక్కడైనా బాడీకి తగులుతోందో చూడాలి. ఈ పిన్నుల మీద బల్బు టెస్టర్ పెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. బల్బు లాగే కరెంటుకు కంప్యూటర్ సర్క్యూట్ కాలిపోవచ్చు. మల్టీమీటరు ఒక్కటే వాడాలి.

మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాక కప్లర్ తిరిగి బిగించి, సిగ్నల్ వైరు లోపలికి కప్లర్ వెనకవైపు నుంచి సన్నని పిన్ను దూర్చి, దానికి ఎర్ర ప్రోబు, బ్యాటరీ నెగెటివ్‌కు నల్ల ప్రోబు తగిలించాలి. వైరు తొడుగుకు సూదితో చిల్లు పెట్టడం సులువే గానీ ఆ చిల్లులోంచి వాన నీళ్ళు దిగి రాగి పచ్చబడుతుంది. ఆర్నెల్లకు కొత్త జబ్బు పుడుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, లేపిన చక్రాన్ని నెమ్మదిగా చేత్తో తిప్పాలి. మల్టీమీటరులో అంకె సున్నా దగ్గరికి పడి, మళ్ళీ 5కో 12కో ఎగరాలి, మళ్ళీ పడాలి. వేగంగా తిప్పితే మల్టీమీటరు ఆ మార్పును అందుకోలేక సగం వోల్టేజి దగ్గర నిలిచిపోతుంది. తొందరపడి ఇదే లోపమనుకునే ప్రమాదం ఉంది.

ఎన్నిసార్లు పడి లేవాలో కూడా ముందే లెక్క కట్టుకోవచ్చు. జపాన్ ప్రమాణం పాటించే బళ్ళలో మీటరు కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరగాలి. ఆ ప్రమాణానికి తగ్గట్టు చేసిన సెన్సర్ చుట్టుకు 4 స్పందనలు ఇస్తే కిలోమీటరుకు 2,548 స్పందనలు అవుతాయి. 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. కాబట్టి బండి నడిచేటప్పుడు చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 5 స్పందనలు వస్తాయి. జాకీ మీద ఒక్క చక్రాన్నే తిప్పుతున్నప్పుడు రెండోది నేల మీద కదలకుండా ఉంటుంది కనుక డిఫరెన్షియల్ సగం వేగంతోనే తిరుగుతుంది. అందుచేత చక్రం నాలుగు చుట్లు తిప్పితే అంకె సుమారు పదిసార్లు పడి లేవాలి. ఆరుసార్లే వచ్చి మధ్యమధ్య తప్పిపోతుంటే పళ్ళచక్రం అరిగిందనో, సెన్సర్ లోపల అయస్కాంతం పగిలిందనో ఊహించవచ్చు. ఇతర ప్రమాణాల బళ్ళలో అంకె వేరుగా ఉంటుంది. క్రమం తప్పకూడదన్న నియమం మాత్రం అన్నిటికీ ఒకటే.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు మోసే బొలెరో పికప్‌లు, 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు పికప్‌ల లాంటి బళ్ళలో లాగేవి వెనక చక్రాలు. విడి సెన్సర్ ఉంటే అది గేరుబాక్సు వెనక చివర ఉంటుంది. అక్కడ వెనక చక్రాన్ని లేపాలి. హ్యాండ్ బ్రేకు ఆ చక్రాలకే ఉంటుంది కాబట్టి అది వేస్తే చక్రం తిరగదు, వేయకపోతే బండి దొర్లుతుంది. బరువు కూడా ఎక్కువ. ఈ బళ్ళకు ఇంట్లో కరెంటు, ఎర్తు వరకు చూసుకుని, చక్రం తిప్పే పరీక్షను లిఫ్టు ఉన్న వర్క్‌షాపుకు వదలడమే సరైన పని.

సెన్సర్‌ను బయటికి తీసి

పళ్ళచక్రం ఉన్న రకమైతే బోల్టు విప్పి సెన్సర్‌ను మెల్లగా తిప్పుతూ పైకి లాగవచ్చు. చుట్టూ మట్టి ముందే తుడవాలి, లేకపోతే అది గేరుబాక్సులో పడుతుంది. బయటికి వచ్చిన ప్లాస్టిక్ చక్రం పళ్ళు ఒకవైపు నున్నగా అరిగాయా, ఇరుసు మీద జారిపోతోందా అని వేలితో తిప్పి చూడాలి. చాలాసార్లు సెన్సర్ నిక్షేపంగా ఉంటుంది. అరిగింది ఈ చిన్న చక్రమే అయి, అది విడిగా దొరికితే ఖర్చు తక్కువలో పోతుంది. అయస్కాంతపు మొన ఉన్న రకంలో మొన చుట్టూ నల్లటి పేస్టులా ఇనుప రజను అంటుకుని ఉంటుంది. గేర్లు అరిగిన పొడి అది. శుభ్రమైన గుడ్డతో తుడిచి బిగిస్తే ముల్లు లేచిన సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు. రజను మరీ దట్టంగా ఉంటే గేరు ఆయిల్ మార్చే సమయం దాటిందని గ్రహించాలి.

సెన్సర్ బయట ఉండగానే కప్లర్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, దాని ఇరుసును డ్రిల్లింగ్ మిషన్‌తో తిప్పవచ్చు. జపాన్ ప్రమాణం బండి అయితే నిమిషానికి 637 చుట్ల దగ్గర ముల్లు 60 చూపించాలి. ముల్లు లేచి నిలకడగా నిలిస్తే సెన్సర్, వైరింగు, మీటరు మూడూ బాగున్నాయి. తప్పు ఆ చిన్న పళ్ళచక్రంలోనో, గేరుబాక్సు లోపలి పళ్ళలోనో ఉంది. నేల మీద కూర్చుని చేసే ఈ పరీక్ష చక్రాన్ని చేత్తో తిప్పే పరీక్ష కంటే నమ్మకమైనది. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు రింగు చిట్లి ఉంటే మార్చాలి. లేకపోతే గేరు ఆయిల్ కారుతుంది.

రెండు వైర్ల తీగచుట్ట రకానికి కప్లర్ విప్పి, సెన్సర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. కొన్ని వందల నుంచి రెండు వేల పైచిలుకు ఓమ్స్ దాకా మోడల్‌ను బట్టి ఉంటుంది. సరైన అంకె సర్వీసు మాన్యువల్‌లో చూడాలి. అంకె అసలే రాకపోతే లోపలి తీగ తెగింది. సున్నా దగ్గర ఉంటే చుట్ట కాలి అతుక్కుపోయింది. తర్వాత మల్టీమీటరును ఏసీ మీదికి మార్చి చక్రం చురుగ్గా తిప్పితే వోల్టులో పదో వంతుల లెక్కన ఏదో ఒక అంకె రావాలి. తిప్పే వేగం పెరిగితే అది పెరగాలి.

ఏబీఎస్ బళ్ళలో ఎంతవరకు?

కొత్త బళ్ళ చక్రాల సెన్సర్లకు కూడా రెండే వైర్లు ఉంటాయి గానీ అవి తీగచుట్టలు కావు. లోపల చిప్పు ఉంటుంది. 7, 14 మిల్లీఆంపియర్ల మధ్య కరెంటు మారుతూ అవి సంకేతం పంపుతాయి. వీటి మీద ఓమ్స్ కొలిస్తే ఏమీ తెలియదు, పైగా చిప్పు పాడయ్యే వీలుంది. ఏబీఎస్ డేటా చదవగల స్కానర్‌తో నాలుగు చక్రాల వేగాన్ని పక్కపక్కన చూడటమే ఇక్కడ సరైన పరీక్ష. తిన్నగా పోతున్నప్పుడు మూడు చక్రాలు 30 చూపించి నాలుగోది సున్నా అంటే తప్పు ఏ చక్రం దగ్గరుందో తేలినట్టే. ఆ చక్రం దగ్గర కప్లర్, వైరు, మొన మీద పేరుకున్న బ్రేకు దుమ్ము చూసుకోవడం వరకు ఇంటి పని.

ఈ మధ్యనే వీల్ బేరింగ్ మార్పించిన చక్రం దగ్గరే తప్పు కనబడితే మరో సంగతి కనుక్కోవాలి. చాలా బేరింగ్‌లకు ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. సెన్సర్ చదివేది దాన్నే. బేరింగ్‌ను తిరగేసి కొడితే చక్రం హాయిగా తిరుగుతుంది, సిగ్నల్ మాత్రం ఒక్క చుక్క కూడా రాదు. అలాంటి చక్రానికి ఎన్ని కొత్త సెన్సర్లు వేసినా వ్యర్థమే.

అసలు దొంగ తరచుగా వైరే

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో నీళ్ళు నిలిచాయి. అలా మునిగిన కారు ఆరిన తర్వాత మామూలుగానే నడవవచ్చు. కప్లర్లలో చేరిన తేమ మాత్రం నెలల తరబడి రాగిని తింటూ పోతుంది. ముల్లు వానాకాలంలో ఎగిరిపడి వేసవిలో బాగుంటే కప్లర్‌నే ముందు విప్పి చూడాలి. పచ్చటి పొడి కనబడితే కాంటాక్టు క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక బిగించాలి. తోటల పక్కన, గోదాముల దగ్గర నిలిపే బళ్ళకు ఎలుకల బెడద ఉంది. గేరుబాక్సు మీద వెచ్చగా ఉండే చోటే ఈ వైరు పోతుంది కాబట్టి వాటి పంటికి ముందు దొరికేదీ ఇదే.

పసుపు బోర్డు బళ్ళలో మరో చోటు ఉంది. టాక్సీలకు తర్వాత అమర్చే స్పీడు గవర్నర్ వేగాన్ని తెలుసుకోవడానికి ఇదే సెన్సర్ సిగ్నల్ వైరును పట్టుకుంటుంది. అమర్చినవాళ్ళు వైరు గీరి, చుట్టి, టేపు వేసి వదిలేస్తే ఏడాదికే ఆ అతుకు వదులవుతుంది. ముల్లు దాంతోపాటే పడిపోతుంది. టాక్సీలో సెన్సర్ మార్చే ముందు ఆ టేపు విప్పి చూడటం అన్నిటికంటే చౌకైన పరీక్ష. అతుకును టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగితే మళ్ళీ వదలదు.

వైరు లోపల తెగి పైకి కనిపించని సందర్భాలకు ఒక పద్ధతి ఉంది. చక్రం తిప్పే పరీక్ష జరుగుతుండగా మరొకరు వైరును కప్లర్ నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు దూరంలో వంచుతూ కదిలిస్తూ పోవాలి. ఎక్కడ కదిలించినప్పుడు అంకె తప్పిందో తెగినది అక్కడే. గుంతల్లో మాత్రమే ముల్లు పడిపోయే బళ్ళకు ఇది ఒక్కటే దారి.

బాగుచేశాక

మరమ్మతు అయ్యాక స్కానర్‌తో కోడ్ తుడిచి, ముల్లు, జీపీఎస్ కలిపి ఒకసారి పదీ పదిహేను కిలోమీటర్లు నడపాలి. స్కానర్ లేకపోయినా, తప్పు నిజంగా పోయి ఉంటే వరసగా మూడు ప్రయాణాలు లోపం లేకుండా పూర్తయ్యాక ఇంజిన్ లైటు తనంతట తానే ఆరుతుంది. కోడ్ మాత్రం 40 సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారే దాకా జ్ఞాపకంలో ఉంటుంది. లైటు మళ్ళీ వెలిగితే మరమ్మతు పూర్తి కానట్టే.

వారంటీలో ఉన్న బండి అయితే కోడ్ చదవడం, ఫ్యూజు చూడటం వరకే ఆగి కంపెనీ సర్వీసుకు తీసుకెళ్ళాలి. వైరు గీరినట్టు కనిపిస్తే వారంటీ చెల్లదనవచ్చు. బయట మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు కరెంటు ఎంత వచ్చింది, ఎర్తు ఎంత, చక్రం నాలుగు చుట్లకు ఎన్ని స్పందనలు వచ్చాయి అన్న మూడు అంకెలు కాగితం మీద రాసి ఇస్తే అతని పని సగం తగ్గుతుంది, బిల్లు కూడా తగ్గుతుంది. ఏబీఎస్ లైటు, స్టీరింగు లైటు వెలుగుతున్న బండిని మాత్రం బాగయ్యే దాకా తిరుమల ఘాట్‌కు గానీ, బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్‌కు గానీ ఎక్కించవద్దు. కొండకు పోవాలనుకున్న కుటుంబాలు ఈ పరీక్షను ప్రయాణం ముందు రోజు రాత్రికి కాకుండా వారం ముందే పెట్టుకోవాలి.